ఎండలో నిలబడి పది నిమిషాలు

మా మనవరాలు స్వాతి హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుంది. ఈమధ్యే ఆమెను పదిమంది మీద పెద్దను చేశారు. వాళ్ళ దగ్గర రోజూ పొద్దున అందరూ నిలబడి మీటింగ్ పెట్టుకుంటారట. పావుగంటలో ముగియాలట, గంట దాకా సాగుతుందట. పదో నిమిషానికే ఒక్కొక్కరు కుర్చీల్లో కూలబడతారట. అందరూ పని నడుస్తున్నదనే చెప్తారట. నెలాఖరుకు చూస్తే నడిచింది ఏమీ ఉండదట.

"తాతా, మీరు గూడ రోజూ పొద్దున అందర్ని నిలబెట్టేటోళ్ళని అమ్మ చెప్పింది. ఎట్ల నడిపేటోళ్ళు?" అని ఫోన్లో అడిగింది. ఫోన్లో చెప్పే సంగతి కాదు. అందుకని రాస్తున్నాను. ఇటువంటి పనిలో కొత్తగా దిగే మిగతా పిల్లలు చదివినా మంచిదే. నేను ముప్ఫై నాలుగో ఏట అక్షరాలు నేర్చుకున్న మనిషిని. ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో కూడా ఇందులోనే వస్తుంది. ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో మాత్రం రాయను. అవి సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, ఎవరికీ పనికిరావు.

కుర్చీ

నాకు తెలిసింది కరెంటు స్తంభాల పని. హనుమకొండకూ హసన్‌పర్తికీ మధ్యన ఒక చిన్న సెక్షన్ ఆఫీసు. ఎనిమిది మందిమి, పదిహేడు ఊర్లు. డెబ్బైల్లో ఊరూరా వ్యవసాయ మోటర్లు వస్తున్న కాలం. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే నారుమళ్ళు ఎండేవి, రైతులు వచ్చి మా గేటు ముందర కూర్చునేవాళ్ళు.

నేను చేరినప్పుడు మా ఇన్‌స్పెక్టరు పొద్దున ఏడింటికి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మేం ఆయన ముందర నేల మీద. ఫిర్యాదుల రిజిస్టర్ మొదటి నుంచి చివరిదాకా చదివేవాడు. ఒక్కొక్కణ్ణి లేపి అడిగేవాడు. లేచినవాడు "అయితది సార్" అని మళ్ళీ కూర్చునేవాడు. మధ్యలో చాయ్. చాయ్ తర్వాత తిట్లు. తన పేరు వచ్చేదాకా ప్రతివాడికీ భయం, వచ్చిపోయాక నిద్ర. ఆ గంటన్నరలో ఎవడూ పక్కవాడి మాట వినేవాడు కాదు. మాటలన్నీ కుర్చీకి చెప్పేవి, మనుషులకు కాదు.

ఒకసారి ములుగు రోడ్డులోని ఒకే ఊరికి మా వాళ్ళు ఇద్దరు వేరువేరు దారుల్లో సైకిళ్ళ మీద పోయి ఒకే స్తంభం కింద కలుసుకున్నారు. ఇద్దరి దగ్గరా నిచ్చెన ఉంది. ఎవరి దగ్గరా ఫ్యూజు తీగ లేదు. ఇద్దరూ పొద్దున ఒకే నేల మీద పక్కపక్కన కూర్చుని చాయ్ తాగినవాళ్ళే.

ఆ ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. స్తంభం మీద ఆయనంత నిమ్మళంగా చెయ్యిపెట్టి పనిచేసేవాణ్ణి నేను తర్వాత చూడలేదు. కుర్చీ ఆయన్ని పాడుచేసింది, అంతే.

నేను కుర్చీ ఎందుకు తీసేశాను

ఆయనకు కామెర్లు ముదిరి సెలవు మీద పోయాడు. లైన్‌మన్లలో పాతవాణ్ణని గ్యాంగును నాకు అప్పజెప్పారు. తాత్కాలికమన్నారు. ఆ తాత్కాలికం తొమ్మిదేళ్ళు నడిచింది.

నేను కుర్చీ తీసేశానని ఇప్పటికీ కొందరు గొప్పగా చెప్తారు. గొప్పేమీ లేదు. కుర్చీలో కూర్చుంటే రిజిస్టర్ చదవాలి. నాకు చదవరాదు. గుంతలు తవ్వే కూలీగా వచ్చి లైన్‌మన్ అయినవాణ్ణి, సంతకం ఒక్కటే వచ్చు. దాన్నీ బొమ్మ గీసినట్టు గీసేవాణ్ణి. అందుకని రిజిస్టర్‌ను గ్యాంగులో చదువొచ్చిన యాదగిరి చేతిలో పెట్టి, పెద్దరికం చూపిస్తున్నట్టు "నువ్వు సదువు, నేనింట" అనేవాణ్ణి. మిగతాదంతా నోటితో నడిపాను.

ఆవరణలో ఒక ఖాళీ కేబుల్ డ్రమ్ము, తీగ చుట్టి వచ్చే పెద్ద చెక్క చట్రం, ఉండేది. దాని చుట్టూ అందరినీ గుండ్రంగా నిలబెట్టాను. నీడలో కాదు, ఎండలో. ఇంకొకటి కూడా పెట్టాను. ఆ రోజు ఎవడు ఏ సామాను తీసుకుపోతాడో అది భుజాన వేసుకునే నిలబడాలి. నిచ్చెన వాడు నిచ్చెనతో, తాడు వాడు తాడుతో. భుజం మీద నిచ్చెన ఉన్నవాడు కథలు చెప్పడు. ఎవడి దగ్గర ఏది ఉంది, ఏది లేదు అన్నది అడగకుండానే అందరికీ కనబడుతుంది. పది నిమిషాల్లో ముగిసేది.

మూడే ప్రశ్నలు. నిన్న ఏం మిగిలింది? ఇయ్యాల ఎటు పోతున్నావు? ఏం అడ్డమున్నది?

నిన్న ఏం చేశావని నేనెప్పుడూ అడగలేదు. అట్లా అడిగితే మనిషి గొప్పలు చెప్తాడు. ఏం మిగిలిందంటేనే అసలు సంగతి బయటికొస్తుంది. అడ్డం ఎట్లా తీయాలో అక్కడ మాట్లాడనిచ్చేవాణ్ణి కాదు. అది సంబంధం ఉన్న ఇద్దరు తర్వాత మాట్లాడుకుంటారు. మిగతా ఆరుగురు బరువులు మోస్తూ వాళ్ళ ముచ్చట వినాల్సిన పనిలేదు.

స్వాతీ, మీ దగ్గర నిచ్చెనలు లేవు, సరే. కానీ ఎవరి చేతిలో ఏ పనుందో అందరికీ కనబడేటట్టు ఏదో ఒకటి చూసుకో.

కొమురయ్య ఇజ్జత్

మొదట్లో నేనూ తప్పులు చేశాను. కొమురయ్య అని కోపిష్టి మనిషి, పని మాత్రం ఒంటి చేత్తో చేసేవాడు. ఒక రోజు పింగాణీ ఇన్సులేటర్ పగలగొట్టానని తనంతట తనే డ్రమ్ము దగ్గర చెప్పాడు. నేను అందరి ముందరా ఏకిపారేశాను. మా ఇన్‌స్పెక్టరు తిట్లన్నీ నాకు నోటికొచ్చు మరి.

నాలుగు రోజుల తర్వాత ఒక ఊరి బయట తీగ ఊడి బాట మీద పడింది. నాట్లకు పోతున్న ఆడవాళ్ళు చూసి ఆగారు కాబట్టి సరిపోయింది. అది కొమురయ్య మెలిపెట్టి వదిలేసి వచ్చిన తీగ. క్లాంపు దొరక్క మళ్ళీ వస్తాననుకున్నాడట. డ్రమ్ము దగ్గర మాత్రం ఏమీ మిగల్లేదని చెప్పాడు. ఎందుకు చెప్పలేదురా అని అడిగాను.

"మొన్న అందరి ముంగట నా ఇజ్జత్ తీస్తివి. మల్ల చెప్తననుకున్నవా?" అన్నాడు.

ఆనాటి నుంచి డ్రమ్ము దగ్గర తిట్టడం బంద్. తిట్టాల్సి వస్తే షెడ్డు వెనకకు తీసుకుపోయి ఒక్కణ్ణే తిట్టేవాణ్ణి. తిట్టడం మాత్రం మానలేదు. మానాలని కూడా చెప్పను.

ఏఈ సారు తాడు మోసిన రోజు

కాకినాడ వైపు నుంచి కుర్ర ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఒకాయన వచ్చాడు. మా మీటింగ్ సంగతి విని ఒక పొద్దున నోటుబుక్కు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. అంతే, గుండ్రంగా ఉన్నవాళ్ళందరూ మెల్లగా ఆయన వైపు తిరిగారు. ఎవరికీ ఏమీ మిగల్లేదు, ఎవరికీ ఏ అడ్డమూ లేదు. వారం రోజులు ఇదే తంతు.

చివరికి గేటు దగ్గర పట్టుకుని చెప్పాను. "సార్, మీరు నిలబడితే వాళ్ళు మీకు చెప్తాండ్లు. ఒకనికొకడు చెప్పుకుంటలేరు."

"మరి నాకెలా తెలుస్తుంది మల్లయ్యగారూ?"

"మీరు గూడ ఏదో ఒక సామాను భుజానేసుకోండ్రి. మీకేం అడ్డమున్నదో చెప్పుండ్రి."

కోప్పడతాడనుకున్నాను. మర్నాడు తాడు చుట్ట భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. తన వంతు వచ్చినప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఎప్పుడొస్తుందో తనకు తెలియదనీ, వారం నుంచి రైతులకు రేపు రేపని అబద్ధం చెప్తున్నాననీ చెప్పాడు. కొమురయ్య పకపకా నవ్వి, "మేం గూడ గదే చెప్తానం సార్" అన్నాడు. ఆ రోజే దాచిపెట్టిన సంగతులు మూడు బయటపడ్డాయి.

పైవాడు తన అడ్డం ముందు చెప్తేనే కిందివాడి నోరు పెగులుతుంది. ఆ పాఠం నా కళ్ళ ముందరే జరిగింది. కానీ అది ఏఈ సారు నేర్చుకోవలసిన పాఠమనే అనుకున్నాను. అదే డ్రమ్ము దగ్గర నేనూ నిలబడుతున్నానని నాకు తట్టలేదు.

చీటీ

శాయిలు గురించి చెప్పాలి. మా గ్యాంగులోనే లైన్‌మన్, నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఏడో తరగతి దాకా చదివాడు. స్తంభం ఎక్కితే పాట పాడుకుంటూ ఎక్కేవాడు, ఆ పాట వినబడినంతసేపు కింద ఉన్నవాళ్ళకు ఫికర్ ఉండేది కాదు.

ఒక రోజు తొలకరి గాలులకు తీగలు అక్కడక్కడా వదులయ్యాయి. శాయిలు చెరువు అవతలి ఊరి లైను మీదికి ఎక్కాలి. తన వంతులో అడ్డం చెప్పాడు. చైను లేదన్నాడు. చైను అంటే ఇనుప గొలుసు. ఎక్కే ముందు కింది నుంచి తీగల మీదికి విసురుతాం. లైనులో కరెంటు ఉంటే అక్కడే మెరుపు లేచి సబ్‌స్టేషన్‌లో స్విచ్ పడిపోతుంది, మనిషి బతుకుతాడు. మాకున్నది ఒక్కటే చైను. ఆ రోజు అది యాదగిరి భుజం మీద ఉంది. అందరికీ కనబడుతూనే ఉంది.

"లైన్ క్లియర్ తీస్కుంటవ్ గద, ఇంకేంది, నడువు" అన్నాను. లైన్ క్లియర్ అంటే ఫలానా లైను బంద్ చేశాం, ఎక్కవచ్చు అని సబ్‌స్టేషన్ వాళ్ళు ఇచ్చే మాట. మనిషి నోరు తెరిచి అడ్డం చెప్తే నేను ఒక్క ముక్కతో కొట్టిపారేశాను. ఇది మొదటి తప్పు.

అప్పుడే సబ్‌స్టేషన్ వాచ్‌మన్ సైకిల్ మీద వచ్చి నా చేతిలో ఒక చీటీ పెట్టాడు. వాళ్ళ ఫోను చెడిపోయింది. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను చీటీ విప్పి, చదవడానికి పట్టేంతసేపు దాని మీద కళ్ళు పెట్టి, తల ఊపి, మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత యాదగిరిని పక్కకు పిలిచి చదివించుకుందామనుకున్నాను. అలవాటుగా చేసే పనే. కానీ మీటింగ్ ముగిసి నేను చూసేసరికి యాదగిరి చైను తీసుకుని గేటు దాటాడు. ఇది రెండో తప్పు. పెద్దది ఇదే.

నేను ఇంకో ఊరికి బయలుదేరాను. దారిలో బడికి పోతున్న పంతులు కనబడితే ఆపి, కళ్ళద్దాలు మర్చిపోయాను జర చదవమన్నాను. అప్పటికి నాకు కళ్ళద్దాలే లేవు. ఆయన చదివాడు.

"నిన్నటి నుంచి చెరువు అవతలి లైనుకు ములుగు రోడ్డు వైపు నుంచి కూడా కరెంటు ఉంది. రెండు వైపులా బంద్ చేయించుకుని ఎక్కాలి."

సైకిల్ తిప్పాను. చెరువు కట్ట మీద అంత వేగంగా ఎప్పుడూ తొక్కలేదు. శాయిలు మాత్రం తన పద్ధతిలో తాను హెల్పర్‌ను పంపి ఒక వైపు లైన్ క్లియర్ తెప్పించుకున్నాడు. సబ్‌స్టేషన్ ఆపరేటరు, చీటీ పంపాను గదా, రెండో వైపు వాళ్ళే చూసుకుని ఉంటారు అనుకుని ఇచ్చాడు. పంపడం వేరు, చెప్పడం వేరు. ఇది కూడా రాసిపెట్టుకో స్వాతీ.

దూరం నుంచే స్తంభం కింద జనం కనబడ్డారు. పాట వినబడలేదు. శాయిలు నడుముకు కట్టుకున్న బెల్టు మీద వేలాడుతున్నాడు. బెల్టు ఆపింది, లేకపోతే అక్కడికక్కడే అయిపోయేది. తాడుతో దింపాం. ఊపిరి ఉంది. కుడి చెయ్యి నల్లబడింది. ఎడ్లబండిలో రోడ్డుదాకా, అక్కడి నుంచి జీపులో దవాఖానకు. కుడి చేతి మూడు వేళ్ళు తీసేశారు.

రెండు రోజులు

ఇది రాయడం కష్టమే గానీ రాస్తాను. రెండు రోజులు నేను చీటీ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏఈ సారు రిపోర్టు రాయాలి. చైను వెయ్యకుండా ఎక్కాడు కాబట్టి తప్పు శాయిలుదేనని పైవాళ్ళు అంటున్నారు. అట్లా రాస్తే వాడి నౌకరీ పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకుని ఉన్నాను.

మూడో రోజు దవాఖానకు పోయాను. వాడి భార్య లచ్చమ్మ నన్ను చూసి లేచి బయటికి పోయింది. శాయిలు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"పొద్దుగాల చీటీ అచ్చె గద అన్నా. ఏం రాసుండె దాంట్ల?"

చెప్పాను. ఎందుకు చదవలేదో కూడా చెప్పాను.

పైకప్పు వైపే చూస్తూ చెప్పాడు. "నీకు సదువు రాదని నాకెర్కనే. అందరికెర్కనే. ఆ పొద్దు జర ఇటియ్యే, నేను సదువుత అందామనుకున్న. నీ ఇజ్జత్ వోతదని ఊకున్న."

నా పరువు కాపాడటానికి వాడు ఊరుకున్నాడు. దానికి వాడి చెయ్యి పోయింది.

అక్కడి నుంచే ఏఈ సారు ఇంటికి పోయి మొత్తం చెప్పాను. శాయిలు చైను లేదని డ్రమ్ము దగ్గర చెప్పిన మాట, నేను కొట్టిపారేసిన మాట, చీటీ మాట. ఆయన కాగితం తీసుకుని నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. నాకు శిక్ష పడింది. అది కాగితాల సంగతి, వదిలేస్తాను. శాయిలు నౌకరీ నిలబడింది.

మర్నాడు పొద్దున డ్రమ్ము దగ్గర ఎవరినీ అడగకముందే నేను చెప్పాను. "నా అడ్డం ఏందంటే నాకు సదువు రాదు. ఇగ నుంచి ఏ కాగితం అచ్చినా యాదగిరి అందరికి ఇనవడేటట్టు సదవాలె. సదవకుంట ఎవ్వడు గేటు దాటొద్దు."

ఎవరూ నవ్వలేదు. కొమురయ్య ఒక్కడు, "ఇన్నేండ్లకు చెప్తివి" అన్నాడు. అంతకుమించి అనడానికి హక్కున్నవాడు దవాఖానలో ఉన్నాడు. ఆ వారమే ఏఈ సారు వెంటపడి ఇంకో రెండు చైన్లు తెప్పించాడు. అంతకుముందు మేం అడగలేదు. అడ్డమున్నదని రోజూ చెప్పుకోవడమే అలవాటైంది, ఎవరు తీస్తారో పేరు పెట్టి అప్పజెప్పడం అలవాటు కాలేదు. దాన్ని కూడా అప్పుడే మొదలుపెట్టాం.

ఎడమ చెయ్యి

నాలుగు నెలలకు శాయిలు వచ్చాడు. స్తంభం ఎక్కలేడు కాబట్టి ఆఫీసులో రిజిస్టర్ రాసే పని ఇచ్చారు. కుడి చేత్తో కలం నిలవదు. ఎడమ చేత్తో రాయడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం పని ముగిశాక ఒకే బల్ల దగ్గర ఇద్దరం కూర్చునేవాళ్ళం. వాడు ఎడమ చేత్తో అ ఆలు దిద్దేవాడు, నేను వాడి పక్కన కుడి చేత్తో దిద్దేవాణ్ణి. మొదట ఇద్దరివీ ఒకే రకం వంకర రాతలు. నెల తిరిగేసరికి వాడివి సాపైనాయి, నావి కాలేదు.

"ఎడమ చెయ్యికున్న తెలివి నీ కుడి చెయ్యికి లేదేందే అన్నా" అనేవాడు. నేను పడేవాణ్ణి. పడాల్సిందే. లచ్చమ్మ మాత్రం ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు. తర్వాత కూడా అవసరమైనంతే మాట్లాడింది. దాన్ని తప్పు పట్టను.

నేను పూర్తిగా, ఎవరూ అందించకుండా చదివిన మొదటి కాగితం ఆ చీటీయే. పారేయకుండా దాచుకున్నాను. రెండు వాక్యాలు. మెల్లగా కూడబలుక్కుని చదివినా వేళ్ళ మీద పది లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు.

స్వాతీ, నువ్వడిగినదానికి నా జవాబు ఇదే. నిలబడటం, పావుగంట, మూడు ప్రశ్నలు, ఇవన్నీ ఎవరైనా పెట్టగలరు. మూడో ప్రశ్నకు ముందు నువ్వు జవాబు చెప్పు. నీకు తెలియనిది తెలియదని వాళ్ళ ముందర చెప్పు. ఎవరైనా అడ్డం చెప్తే ఆ రోజుకు నీ పని అదే అనుకో. నీ పరువు కోసం ఎవరైనా ఊరుకుంటున్నారేమో చూసుకో. నువ్వు పెద్దదానివి కాబట్టి తప్పకుండా ఎవరో ఒకరు ఊరుకుంటూనే ఉంటారు.

అక్షరాలు వచ్చాక ఒక రోజు పొద్దున డ్రమ్ము దగ్గర యాదగిరి చేతిలోంచి రిజిస్టర్ తీసుకుని, ఆ రోజు ఫిర్యాదులు నేనే చదివాను. అక్షరం అక్షరం పట్టుకుని పోతున్నాను. గుండ్రంగా నిలబడ్డ మిగతావాళ్ళందరూ సామాన్లు మోస్తూ ఓపిగ్గా ఉన్నారు. ఆ రోజు పది నిమిషాల్లో ముగియలేదు. సగంలో అవతలి వైపు నుంచి శాయిలు, రిజిస్టర్ కలాన్ని ఎడమ చెవి మీద పెట్టుకుని, అందరూ వినేటట్టు అన్నాడు.

"జర గట్టిగ సదువు అన్నా. ఈడికి ఇనవడ్తలేదు."